పిడికెడు బియ్యం అమ్మగారు

బైబిలమ్మ గారు పోయారు. పోయిన నెల ఓ ఆదివారం పొద్దున నేను చర్చికి బయల్దేరుతూ కుచ్చిళ్ళు సర్దుకుంటుంటే ఆవిడ మేనల్లుడి భార్య ఫోన్ చేసింది. "అక్కా, అమ్మగారు ఇందాక కాఫీ అడిగారు. కలుపుకొచ్చేసరికి లేరు" అంది. నేను వెంటనే ఏమన్నానో నాకు గుర్తు లేదు. "మరి ఆ కాఫీ ఏం చేశావు?" అని అడిగానట. ఆ పిల్లే తర్వాత చెప్పింది. అలాంటప్పుడు ఏం మాట్లాడాలో మనిషికి తెలిసి చస్తుందా?

ఆవిడకి ఎనభై దాటి చాలా కాలమైంది. నిండు జీవితం గడిపి పోయారు, ఏడవకూడదు అని అందరూ నాకే చెప్పారు. ఏడవకూడదని చెప్పేవాళ్ళని చూస్తే నాకు చిన్నప్పటినుంచీ ఒళ్ళు మంట. నేను ఏడ్చాను. ఇది రాస్తూ కూడా ఏడుస్తున్నాను, దాచుకోవడం దేనికి?

ఆవిడకి మంచి పేరే ఉంది గానీ ఆ పేరుతో ఎవరైనా పిలవగా నేను వినలేదు. బెజవాడలో మేముండే కాలవ గట్టు పేటంతా బైబిలమ్మ గారనే అనేది. ఇప్పటి పిల్లలకి తెలియకపోవచ్చు. చర్చి తరఫున ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకి బైబిలు చదివి వినిపించడం, జబ్బు పడ్డవాళ్ళ దగ్గర కూర్చోవడం, బాలింతల్ని చూసి రావడం ఆవిడ ఉద్యోగం. చిన్న వయసులోనే భర్త పోయాడు, పిల్లల్లేరు. సన్నంచు తెల్ల చీర, చంకలో గుడ్డ సంచి, చేతిలో మగవాళ్ళు పట్టుకునే పెద్ద నల్ల గొడుగు. ఎండలో ఆ గొడుగు విప్పగా చూసినవాళ్ళు తక్కువ. కుక్కల్ని అదిలించడానికీ, తలుపులు తట్టడానికీ, మాట వినని మగాళ్ళ వైపు చూపించడానికీ వాడేవారు.

ఇంకో అలవాటు ఉండేది, చెబితే ఆవిడ పరలోకంలో కూడా నా మీద కోప్పడతారు. ముక్కుపొడి. చిన్న రేకు డబ్బా రొంటిన దోపుకునేవారు. ప్రార్థన అయ్యాక అటు తిరిగి ఒక పట్టు పట్టి, కళ్ళ నీళ్ళు తుడుచుకునేవారు. మా అమ్మలాంటి వాళ్ళు అది భక్తి వల్ల వచ్చిన కన్నీరనుకునేవాళ్ళు. ఆవిడ ప్రార్థనలు కూడా చిన్నవి. "పొయ్యి మీద కూర మాడిపోయేంత సేపు ప్రార్థన చేస్తే దేవుడు కూడా వాసన చూసి లేచిపోతాడమ్మా" అనేవారు.

ఆవిడ చేసే పనుల్లో పిడికెడు బియ్యం పోగు చెయ్యడం ఒకటి. క్రైస్తవుల ఇళ్ళలో ఇది పాత ఆచారం. వంటకి బియ్యం కొలిచినప్పుడల్లా ఆడవాళ్ళు అందులోంచి ఒక పిడికెడు తీసి దేవుడి కోసం వేరే కుండలో వేస్తారు. వారమంతా చేరిన బియ్యాన్ని శనివారం బైబిలమ్మ గారు వచ్చి సంచిలో పోసుకుపోతారు. ఆదివారం ఆరాధన అయ్యాక అదంతా వేలం పాట పెడతారు, వచ్చిన డబ్బు చర్చి పనులకి. ఆ రోజుల్లో మా చర్చి పైకప్పు రేకులు తుప్పు పట్టి చిల్లులు పడ్డాయి. అందరి ప్రార్థనా కొత్త రేకుల కోసమే.

డెబ్బైల నాటి మాట ఇది. మా నాన్న రైసు మిల్లులో బస్తాలు మోసేవాడు. ఒకసారి ఎత్తుగా పేర్చిన బస్తాల నిట్టు మీంచి పడి నడుం విరిగింది. ఇంక మంచం మీదే. ఏళ్ళ తరబడి బియ్యం బస్తాలు మోసిన మనిషి ఇంట్లో బియ్యం లేవు. అమ్మ గవర్నర్‌పేటలో ఒక లాడ్జీలో గదులు తుడిచేది. ఊడ్పులప్పుడు, కోతలప్పుడు సెలవు పెట్టి గుడివాడ వైపు తన పుట్టిన ఊరు పోయేది. అక్కడ కూలి ధాన్యంగా ఇచ్చేవాళ్ళు కాబట్టి ఆ మూట తెచ్చుకుంటే కొన్నాళ్ళు గడిచేది. ఊడ్పులకీ కోతలకీ మధ్య భాద్రపదం, ఆశ్వయుజం ఉంటాయి చూశారూ, చుట్టూ డెల్టా అంతా పచ్చగా కళకళలాడుతుంటుంది, మా ఇంట్లో మాత్రం పొయ్యి చల్లగా ఉండేది.

నాకు బడి ఉంది. బడిలో మధ్యాహ్నం పచ్చటి రవ్వ ఉప్మా పెట్టేవాళ్ళు, ఒక్కోరోజు పాలపొడి కలిపిన పాలు. శనివారం ఒంటిపూట బడి, ఉప్మా లేదు. ఆదివారం లేదు. సెలవులంటే పిల్లలందరికీ పండగ కదా, మా పేట పిల్లలకి దసరా సెలవులంటే గుండె గుభేలుమనేది. మాలో కొందరు సెలవుల్లో కూడా అలవాటు కొద్దీ బడి గేటు దాకా పోయి తిరిగొచ్చేవాళ్ళు.

బడి బయట మేం తినేవన్నీ చెబితే మీరు నవ్వుతారో, ముక్కు మూసుకుంటారో. సీమచింతకాయలు, పచ్చి చింతకాయలు, కాల్చిన చింతగింజలు. బలపాలు. గోడకి గీకిన సున్నం. ఏదైనా పెళ్ళి భోజనం దొరికితే కూర్చున్నవాళ్ళం లేచేవాళ్ళం కాదు, తర్వాత కాలవ గట్టున వాంతులు. అన్నం కంచంలో పడిందో లేదో మింగేసేవాళ్ళం, పక్కవాడు లాక్కుంటాడేమోనని ఎడం చెయ్యి కంచం చుట్టూ పెట్టుకుని. బైబిలమ్మ గారు ఇదంతా చూసేవారు. ఒకసారి నన్ను చూసి మా అమ్మతో, "నీ పెద్దది అన్నం తినట్లేదు, అన్నంతో పోట్లాడుతుంది" అన్నారు.

నా చెల్లెలికి అప్పటికి నాలుగేళ్ళు. బడి లేదు గనక ఉప్మా లేదు. ఉప్మా అక్కడే తినాలి, ఇంటికి పట్టుకెళ్ళకూడదని బళ్ళో నియమం. నేను సగం తిని మిగతాది పరికిణీ కుచ్చెళ్ళలో దాచి తెచ్చేదాన్ని. అది గుమ్మంలో కూర్చుని ఎదురుచూసేది. నేను రాగానే నా మొహం చూసేది కాదు, పరికిణీ చూసేది.

ఇంత కరువులోనూ మా అమ్మ దేవుడి పిడికెడు మానలేదు. గంజి కాచిన రోజున కూడా ముందు ఆ పిడికెడు తీసి, కళ్ళు మూసుకుని, మూలనున్న చిన్న మట్టికుండలో వేసేది. నాన్న మంచం మీంచి, "దేవుడికి మనకంటే ఆకలెక్కువా ఏమే?" అని విసుక్కునేవాడు. "మనకి మిగిలింది ఆ ఒక్క మర్యాదే, దాన్ని కూడా తీసెయ్యమంటావా?" అనేది అమ్మ. శనివారం నాడు బైబిలమ్మ గారి సంచిలో మా కుండ వంచేటప్పుడు అమ్మ నిటారుగా నిలబడేది. వారమంతట్లో తను ఎవరికైనా ఏదైనా ఇచ్చేది ఆ ఒక్కసారే.

ఆ ఆశ్వయుజంలో కుండలో బియ్యం తగ్గిపోవడం మొదలైంది. అమ్మ రోజూ వేస్తుంది, శనివారానికి అడుగున కూడా ఉండవు. ఇంట్లో మేం నలుగురమే. నాన్న లేవలేడు. వేరే ఎవరైనా అయితే పిల్లల్ని అనుమానిస్తారు. మా అమ్మకి ఆ ఆలోచనే రాలేదు. దేవుడి కోసం తీసిన బియ్యం మనిషన్నవాడు ముట్టడని ఆవిడ నమ్మకం. ముట్టింది మనిషి కాదంటే ఇంకేముంది, ఎలుకలే. మిల్లులో నాన్నతో పనిచేసినాయన్ని అడిగి ఎలుకల మందు తెప్పించింది. నూకల్లో ఆ మందు కలిపి ఉండలు చెయ్యాలంటే ఎలుకకి రుచి తగలాలి కదా, పక్కింటికి పోయి కాస్త బెల్లం అడిగింది. మా అమ్మ మా కోసం ఏనాడూ ఏ గడప ముందూ చెయ్యి చాచలేదు. దేవుడి బియ్యం కాపాడటానికి బెల్లం అడిగి తెచ్చింది.

అది శనివారం. నేను ఒంటిపూట బడి నుంచి ఖాళీ కడుపుతో వచ్చాను. బైబిలమ్మ గారు అప్పటికే వచ్చి పీట మీద కూర్చుని ఉన్నారు. మూత తీసి కుండలో చెయ్యి పెట్టి, "ఏంటమ్మా, ఈ వారం పొయ్యి వెలిగించలేదా?" అని అడిగారు.

"రోజూ వేశానండి. ఎలుకలండీ అమ్మగారూ, దేవుడిదని కూడా లేదు వాటికి. ఇయ్యాల మందు కలిపాను. ఉండలు గూట్లో ఆరబెట్టాను, దీపాలు పెట్టేవేళకి కుండ పక్కన పెడతాను" అంది అమ్మ.

అమ్మ ఆ మాట అంటుండగానే చెల్లెలు తలుపు చాటు నుంచి నా దగ్గరికి వచ్చింది. బుగ్గ ఒక పక్క ఉబ్బి ఉంది. గౌను మడతలో దాచుకున్నది తీసి నా చేతిలో పెట్టి, "అక్కా, ఇందా" అంది. గోధుమ రంగు ఉండ. బెల్లం వాసన. నేను ఏంటని అడగలేదు, అది ఎక్కడిదని ఆలోచించలేదు. చెయ్యి నోటి దాకా వెళ్ళింది.

గొడుగు దెబ్బ మణికట్టు మీద పడింది. ఉండ ఎగిరి గుమ్మం బయట పడింది. ఆవిడ ఎప్పుడు లేచారో, ఎలా చూశారో నాకు తెలియదు. నేను నొప్పికి ఏడుపు అందుకునేలోపే ఆవిడ చెల్లెల్ని ఒళ్ళోకి లాక్కుని దాని నోట్లో వేలు పెట్టారు. బుగ్గలోంచి నానిన పచ్చి బియ్యం బయటికొచ్చాయి. పచ్చి బియ్యం నమిలితే పళ్ళు నొప్పి, అందుకని పిల్లలు బుగ్గన పెట్టుకుని నానబెట్టుకుంటారు. ఆవిడ వాటిని వాసన చూశారు.

"ఏం తిన్నావమ్మా? గూట్లోది తిన్నావా? చెప్పు, కొట్టను."

చెల్లెలు తల అడ్డంగా ఊపింది. "అది తియ్యగా ఉంటది. అక్కకి" అంది.

బైబిలమ్మ గారు అరచెయ్యి చాపి ఆ నానిన గింజల్ని మా అమ్మకి చూపించారు. "నీ ఎలుక ఇదేనమ్మా" అన్నారు, చాలా మెల్లగా.

అమ్మ గూటి దగ్గరికి పోయి మిగతా ఉండలున్నాయో లేదో తడుముకుంది. ఒక్కటే తగ్గింది. అక్కడే గోడకి జారబడి కూర్చుండిపోయింది. ఆ తర్వాత పనంతా బైబిలమ్మ గారే చేశారు. మా చేతులు బూడిదతో తోమి తోమి కడిగారు. చెల్లెలి చేత పుక్కిలి పట్టించారు. ఉండలన్నీ పాత గుడ్డలో చుట్టి, కాలవ గట్టున లోతుగా గొయ్యి తీసి పూడ్చి, మీద రాయి పెట్టి వచ్చారు. చెల్లెల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని పొద్దు వాలేదాకా కదల్లేదు. మధ్యమధ్య దాని కనురెప్పలు ఎత్తి చూసేవారు. నాన్న మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు, భుజాలు కదులుతున్నాయి.

చాలాసేపటికి అమ్మ నోరు తెరిచింది. "దేవుడి సొమ్ము తిన్నదండి నా బిడ్డ" అంది.

నాకు ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఇద్దరు పిల్లలు చావు అంచుదాకా వెళ్ళొస్తే ఆ తల్లి నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. బైబిలమ్మ గారికి కోపం రావాలి. రాలేదు. "దేవుడి కోసం పెట్టావు, దేవుడి బిడ్డే తిన్నది. ఇందులో దొంగతనం ఎక్కడుంది? ఆ పిల్ల దొంగైతే, ఆకలేసిన పిల్లల ముందు నుంచి సంచిలో బియ్యం పోసుకుపోయే నేనేంటి?" అన్నారు. ఆ మాటకి అమ్మ ఏడవడం మొదలుపెట్టింది.

వెళ్ళేముందు నన్ను గుమ్మం బయటికి పిలిచారు. ఎర్రగా కమిలిన నా మణికట్టు నిమిరి, "పెద్దదానివి, నీకు తెలిసిపోయింది, తప్పదు. చిన్నదానికి ఎప్పుడూ చెప్పకు. మీ అమ్మకీ ఇదే చెప్పాను. బిడ్డకి తల్లి చేతి ముద్ద మీద భయం పుట్టకూడదు" అన్నారు. సరేనన్నాను.

మర్నాడు ఆరాధన అయింది. బియ్యం పాట పెట్టడానికి సంఘపెద్ద లేచాడు. ఆయన మంచివాడే, గట్టి మనిషి, రేకుల కోసం ఎంతో పాటుపడ్డాడు. బైబిలమ్మ గారు సంచి మీద చెయ్యి వేసి, ఆడవాళ్ళ వైపు నుంచి లేచి నిలబడ్డారు. ఆడవాళ్ళు చర్చిలో లేచి మాట్లాడటం అప్పట్లో లేదు.

"ఈ బియ్యం ఇయ్యాల పాట పెట్టొద్దండి. ఈ పేటలో బడి లేని రోజున పిల్లలు పచ్చి బియ్యం తింటున్నారు. వండి పెడదాం" అన్నారు.

"ఎవరి పిల్లలు? ఏ ఇంట్లో?" అన్నాడాయన.

మా అమ్మ తల ఎత్తలేదు. నేను అమ్మ చెయ్యి పట్టుకుని ఉన్నాను.

"నా ఇంట్లోనే అనుకోండి" అన్నారు బైబిలమ్మ గారు.

"మరి రేకులో? వానలు అయిపోలేదింకా."

"రేకులు మళ్ళీ ఏడాది దాకా ఆగుతాయండి. వీళ్ళు ఆగరు."

ఆయన పాట పెట్టకుండానే కూర్చున్నాడు. తర్వాత అందరికీ వినపడేలా ఆవిడ మా అమ్మని పిలిచి, "మా ఇంటి పొయ్యి చిన్నది. మీ వాకిట్లో వండుతావా తల్లీ? నీ చెయ్యి పొదుపు" అని అడిగారు. మా అమ్మని ఆ రోజు అందరూ గౌరవంగా చూశారు. తన పిల్లలకి తిండి లేదని ఎవరికీ తెలియలేదు, పేట పిల్లలకి వండి పెట్టే మనిషిగానే తెలిసింది.

శనివారాలు, ఆదివారాలు, సెలవు రోజులు మా వాకిట్లో పెద్ద గిన్నె ఎక్కేది. అన్నం, పప్పుచారు, ఎప్పుడైనా గోంగూర. ఆ ఏడు చివరి వానలకి చర్చి కురిసింది. బైబిలమ్మ గారు సరిగ్గా ధార పడే చోట చాప వేసుకుని కూర్చుని, ఆ నల్ల గొడుగు విప్పి, దాని కింద పాటలు పాడేవారు. సంఘపెద్ద చూసీ చూడనట్టు ఊరుకునేవాడు, ఆయన భార్య మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది.

వండి పెడితే ఆకలి తీరుతుంది, అలవాటు పోవడానికి చాలా కాలం పట్టింది. పిల్లలు తిన్నంత తిని మిగతాది జేబుల్లో, గౌను మడతల్లో కుక్కుకునేవాళ్ళు. అమ్మ కసిరేది. బైబిలమ్మ గారు కసరనిచ్చేవారు కాదు. ఆవిడ ఒక పద్ధతి పెట్టారు. కంచాల్లో వడ్డించాక ఎవరూ చెయ్యి పెట్టకముందు, గిన్నెని ఇద్దరు పట్టుకుని వరస ముందు నుంచి తీసుకెళ్ళాలి. ఒక్కో పిల్ల దగ్గర వంచి, లోపల ఇంకా ఎంత అన్నం ఉందో చూపించాలి. "చూశావా, ఇంకా ఉంది. రేపూ వండుతాం. మెల్లగా తిను" అనేవారు. నా చెల్లెలు గిన్నెలోకి తల పెట్టి మరీ చూసేది. తర్వాతే ముద్ద ముట్టేది. కొన్నాళ్ళకి గిన్నె వస్తుంటే మిగతా పిల్లలు చూడటం మానేశారు, అది మానలేదు. పచ్చి బియ్యం అలవాటు పోవడానికి ఇంకా చాలా కాలం పట్టింది. ఒంట్లో రక్తం లేదని ఆస్పత్రిలో టానిక్కు రాసిచ్చారు. అది తాగించడానికి బైబిలమ్మ గారు రోజూ ఎండన పడి వచ్చేవారు. తాగాక బహుమానంగా ముక్కుపొడి డబ్బా వాసన చూపించమని అది పేచీ పెట్టేది. ఒకసారి నిజంగానే చూపించారు. అది తుమ్మి తుమ్మి ఇల్లంతా తిరిగింది. ఆ రోజు మంచం మీద నాన్న చాన్నాళ్ళ తర్వాత నవ్వాడు.

మా అమ్మ మాత్రం మారిపోయింది. ఎలా మారిందో చెప్పాలి, ఎందుకంటే బైబిలమ్మ గారు చివరిదాకా బాధపడింది దాని గురించే. మాకు వడ్డించాక, మా కంచంలోంచి మొదటి ముద్ద అమ్మ తినేది. కలిపి, తన నోట్లో పెట్టుకుని, మింగి, కాసేపు ఆగి, అప్పుడు కంచం మా ముందుకి జరిపేది. మామిడిపండు కోసినా మొదటి ముక్క తనదే. నాకు ఎందుకో తెలుసు, నేను మాట్లాడేదాన్ని కాదు. చెల్లెలికి తెలియదు. దానికి కనిపించేదల్లా, అందరి అమ్మలూ పిల్లలు తిన్నాక తింటారు, తన అమ్మ తన కంచంలోంచే ముందు లాక్కుంటుంది. "నా ముద్ద తినేసింది" అని ఏడ్చేది. పెద్దయ్యాక ఏడవడం మానేసింది, మాటలు నేర్చింది. మా అమ్మకి 'ముద్దల దొంగ' అని పేరు పెట్టింది. పెళ్ళయ్యాక అత్తగారి వాళ్ళకి కూడా ఇదే కథ నవ్వుతూ చెప్పేది. నవ్వేది గానీ ఆ నవ్వులో కోపం ఉండేది, నాకు వినపడేది.

అది నర్సు అయింది, బెంజ్ సర్కిల్ దగ్గర నర్సింగ్ హోములో చాలా ఏళ్ళు చేసింది. అమ్మ మంచాన పడ్డప్పుడు చంటిపిల్లకి చేసినట్టు చేసింది, నేను కూడా అంత చెయ్యలేదు. ఒకరోజు అన్నం పెడుతూ, "ఇప్పుడు మొదటి ముద్ద నీదే, చివరి ముద్దా నీదే, తృప్తిగా తిను" అంది. అమ్మ నా వైపు చూసింది. చెప్పనా అని నేను కళ్ళతోనే అడిగాను. వద్దని తల ఊపింది. ఆ ముద్ద తినేసింది. తర్వాత కొన్నాళ్ళకే పోయింది, దొంగ అన్న పేరుతోనే.

బైబిలమ్మ గారిని నేను చివరిసారి చూసింది భవానీపురంలో, మేనల్లుడి ఇంట్లో. కళ్ళు సరిగా ఆనడం లేదు, నా చెయ్యి తడిమి మణికట్టు పట్టుకుని గుర్తుపట్టారు. కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక, "మీ చెల్లి ఇంకా మీ అమ్మని అలాగే అంటదా?" అని అడిగారు.

"అంటదండి."

ఆవిడ రొంటిన డబ్బా కోసం వెతుక్కున్నారు. డాక్టరు మాన్పించి చాలా కాలమైంది, అయినా చెయ్యి వెతుక్కుంది. "నేను పొరపాటు చేశానే" అన్నారు. "తల్లి చెయ్యంటే దానికి భయం పుట్టకూడదనుకున్నాను. భయం బదులు కోపం పుడతదని నాకు తోచలేదు. మీ అమ్మ నా మాటకి కట్టుబడి నోరు మూసుకుంది, పాపం. నేను పోయాక చెప్పు. నేనుండగా చెప్పకు, ఆ పిల్ల నా దగ్గరికొచ్చి నిలబడితే నేను తట్టుకోలేను."

ఒకరిని ఒకరు కాపాడుకోవడానికి ఇంతమంది ఇన్నేళ్ళు మౌనంగా ఉన్నారు. ఇందులో ఎవరిని తప్పు పట్టాలో నాకైతే తెలియదు. ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని కాసేపు ఉండి వచ్చేశాను.

సమాధుల తోటకి చాలామంది వచ్చారు. తలలు నెరిసినవాళ్ళు, మా వాకిట్లో వరసగా కూర్చుని తిన్నవాళ్ళు. మా చెల్లెలు అందరి మధ్యా నిలబడి పాత సంగతులు చెప్పి నవ్విస్తోంది, కళ్ళు తుడుచుకుంటూనే. "మా వాకిట్లో అందరికీ కంచం నిండా పెట్టేవాళ్ళు, నాకొక్కదానికే ఒక ముద్ద తక్కువ" అంది. అందరూ నవ్వారు. నేను దాని చెయ్యి పట్టుకుని అక్కడినుంచి లాక్కొచ్చేశాను.

ఆటోలో చెప్పలేదు. మా ఇంటికి తీసుకొచ్చి, వంటింట్లో కూర్చోబెట్టి చెప్పాను. కుండ సంగతి, పక్కింటి బెల్లం సంగతి, అది నా చేతిలో పెట్టింది ఏంటో, అమ్మ ఎందుకు ముందు తిని కాసేపు ఆగేదో. ఏళ్ళ తరబడి నర్సుగా చేసిన మనిషి, ఆ ఆగడం ఎందుకో దానికి నేను విడమర్చి చెప్పక్కర్లేదు. నాకు ఏం చెయ్యాలో తోచక అన్నం వడ్డించాను. పొద్దుటినుంచి ఇద్దరం ఏమీ తినలేదు.

అది పప్పు కలిపింది. మొదటి ముద్ద చేసింది. చేసిన ముద్దని చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. తర్వాత దాన్ని కంచం అంచున, తనకి ఎదురుగా, పక్కకి పెట్టి మిగతా అన్నం తినడం మొదలుపెట్టింది. మెల్లగా, మెతుకు కూడా వదలకుండా తింది. ఆ ముద్దని ముట్టుకోలేదు. నేను కంచం తియ్యబోతే, "ఉండనీ అక్కా, అది అమ్మది" అంది.